తడిసిన ఉన్ని బరువు

తొట్టిలోంచి కంబళిని పైకి లాగబోయాను. రాలేదు. పొద్దున ఒక చేత్తో భుజాన వేసుకుని తెచ్చుకున్న కంబళే అది. నీళ్ళు తాగాక, నిద్రలో ఉన్న ఏడేళ్ళ పిల్లను మంచం మీంచి ఎత్తినంత బరువైంది. పక్క గుడారం ముందు తుపాకి తుడుచుకుంటున్న పెద్దాయన నా అవస్థ చూసి, లేచి వచ్చి రెండో కొస పట్టుకున్నారు. చెరో పక్కకు మెలి తిప్పాం. మట్టినీళ్ళు గడ్డి మీదికి ధార కట్టాయి. మూడుసార్లు పిండినా ఇంకా కారుతూనే ఉంది.

"ఇప్పుడు తెలిసిందా, వానలో పెద్ద జెండా ఎందుకు ఎగరెయ్యరో?" అన్నారాయన, కోట వైపు చూస్తూ.

అంతవరకు నాకు తట్టలేదు. పుస్తకాల్లో ఎన్నోసార్లు చదివాను. బ్రిటిష్ నౌకలు ఈ మెక్‌హెన్రీ కోట మీద బాంబులు కురిపించిన 1814 సెప్టెంబరు 13 రాత్రంతా వాన పడిందనీ, కోట మీద ఉన్నది చిన్న అమెరికా జెండా అనీ, తెల్లవారాక దాన్ని దించి పెద్దది ఎగరేశారనీ తెలుసు. ఎందుకని మాత్రం ఎప్పుడూ అడగలేదు. అరచేతులు మండుతుండగా ఆ కంబళి పట్టుకుని నిలబడ్డాక తెలిసింది. పెద్ద జెండా 30 అడుగుల వెడల్పు, 42 అడుగుల పొడవు. గుడ్డ ఉన్నిది. తడిస్తే ఆ బరువుకు జెండా కొయ్యే విరిగిపోవచ్చు. అందుకే వానకూ గాలికీ వేరే జెండా కుట్టించారు. చిన్నదన్న మాటే గానీ అదీ 17 అడుగుల వెడల్పు, 25 అడుగుల పొడవు.

ఇది గత సెప్టెంబరులో, మేరీలాండ్ రాష్ట్రంలోని బాల్టిమోర్‌లో, మెక్‌హెన్రీ కోట దగ్గర శనివారం పొద్దున జరిగిన సంగతి. అమెరికా, బ్రిటన్‌ల మధ్య 1812లో యుద్ధం మొదలైంది. 1814 ఆగస్టు 24న బ్రిటిష్ సేన వాషింగ్టన్‌లో అధ్యక్ష భవనాన్నీ శాసనసభ భవనాన్నీ తగలబెట్టి, మూడు వారాలు తిరగకుండానే బాల్టిమోర్ మీదికి వచ్చింది. సెప్టెంబరు 12న నార్త్ పాయింట్ దగ్గర సైన్యం ఒడ్డున దిగింది. దాన్ని నడిపించిన జనరల్ రాస్ ఆ రోజే తూటా తగిలి మరణించాడు. మర్నాడు పొద్దున్నుంచి యుద్ధనౌకలు రేవు ముఖద్వారంలో ఉన్న ఈ కోట మీద 25 గంటలపాటు బాంబులు కురిపించాయి. కోట లొంగలేదు. అందుకే మేరీలాండ్‌లో ఇప్పటికీ సెప్టెంబరు 12 రక్షకుల దినం. దానికి దగ్గరగా వచ్చే శని, ఆదివారాల్లో కోట చుట్టూ పచ్చిక మీద ఆనాటి శిబిరం వెలుస్తుంది. గుడారాలు, ఫిరంగులు, డప్పులు, పిల్లనగ్రోవులు, వంట పొయ్యిలు అన్నీ ఉంటాయి. ఆ కాలపు బట్టలు కట్టుకున్న స్వచ్ఛంద సేవకులు ఆ కాలపు పనులు చేసి చూపిస్తారు. సజీవ చరిత్ర అంటే ఇదే.

నేను అందులో చేరింది సైనికుల మీది ఆసక్తితో కాదు. అంతకు ముందటి ఏడు మామూలు సందర్శకురాలిగా వెళ్ళాను. ఫిరంగుల దగ్గర జనం మూగి ఉన్నారు. ఒక పక్కగా ఒక స్త్రీ చొక్కాలు ఉతుకుతోంది. ఆమె దగ్గర అడుగున చిల్లులున్న పీపా ఉంది. దాని నిండా బూడిద. పైనుంచి నీళ్ళు పోస్తే కిందికి టీ రంగులో తేట దిగుతోంది. ఆ వాసన తగలగానే కాళ్ళు ఆగిపోయాయి. మాది తెనాలి దగ్గర పల్లె. నా చిన్నతనంలో రేవులో బానలు పెట్టి ఉబ్బ వేసేటప్పుడు వచ్చిన వాసన అదే. బూడిద తేట పనిచేసే తీరు ఆమె చెప్పింది. చౌడు మట్టి గురించీ, ఆవిరి మీద బట్టలు ఉడికించడం గురించీ నేను చెప్పాను. అరగంట మాట్లాడుకున్నాం. చివరికి ఆమె, "మీరే వచ్చి ఈ పని ఎందుకు చేయకూడదు?" అంది.

చలికాలం పోగానే దరఖాస్తు పెట్టాను. వసంతంలో రెండు శనివారాలు శిక్షణ. అందులో ముందు నేర్పింది మాట్లాడే తీరు. 1814 నాటి మనిషినని నటించనక్కరలేదు. "నేను ఇలా చేస్తాను" అని కాకుండా "వాళ్ళు ఇలా చేసేవారు" అని చెప్పాలి. అది విని నాకు ఊపిరి వచ్చింది. చీర కట్టు, జడ, తెలుగు ఉచ్చారణ ఉన్న నేను బాల్టిమోర్ సిపాయి భార్యనని ఎవరిని నమ్మించగలను? నమ్మించనక్కరలేదు, పని చేసి చూపిస్తే చాలు. రెండోది బట్టలు. లోపల నారబట్ట చొక్కా, దాని మీద ఉన్ని పావడా, పొట్టి గౌను, ముందు గుడ్డ, తలకు టోపీ. నూలు పావడా తెచ్చుకుంటానని అడిగితే వద్దన్నారు. నూలుకు నిప్పు రవ్వ అంటుకుంటే భగ్గుమంటుంది. ఉన్ని కమురుతుందే గానీ అంత తొందరగా మండదు. పొయ్యి పక్కన రోజంతా తిరిగే మనిషికి ఇది ప్రాణం మీది లెక్క. పొయ్యి వెలిగే ముందే పక్కన నీళ్ళ బకెట్టు ఉండి తీరాలి. ఇక చేతి గడియారం, గోళ్ళ రంగు, ఫోను, ప్లాస్టిక్ ఏవీ కంటికి కనబడకూడదు. నల్లపూసలు చొక్కా లోపలికి వేసుకున్నాను. మెట్టెలు మేజోళ్ళలో దాగాయి.

అక్కడ ఇచ్చిన కాగితాల్లో నన్ను పట్టుకుని కూర్చోబెట్టినది ఒక చట్టం. 1802లో అమెరికా శాసనసభ సైన్యానికి చేసిన చట్టంలో ఒక్కో కంపెనీకి, అంటే సైన్యంలో ఒక దళానికి, నలుగురు స్త్రీల వరకు రోజుకొక రేషను ఇవ్వాలని ఉంది. వాళ్ళు సైనికుల బట్టలు ఉతికేవారు. ఉతికినందుకు సైనికుల దగ్గర డబ్బు వేరే. రేషనులో రొట్టె, మాంసం, సారా మాత్రమే కాదు, ప్రతి 100 రేషన్లకు 4 పౌన్ల సబ్బు, అంటే సుమారు 1.8 కిలోలు, ఇంత ఉప్పు, ఇంత వెనిగరు అని లెక్క రాసి ఉంది. అది చదువుతుంటే మా ఊరి కళ్ళం గుర్తొచ్చింది. నూర్పిళ్ళప్పుడు చాకలివారికి, మంగలివారికి, కుమ్మరికి, కమ్మరికి మేర కొలిచి ఇచ్చేవారు. మా ఇంటి బట్టలు తీసుకెళ్ళే పెద్దావిడ సాయంత్రం గిన్నె పట్టుకుని అన్నానికి కూడా వచ్చేది. ఆమె మేర ఏ చట్టంలోనూ లేదు. ఆ ఏడు పంట ఎలా పండింది, కొలిచేవాడి చెయ్యి ఎంత పెద్దది అన్నదే లెక్క. ఈ మాట శిబిరంలో చాలామందికి చెప్పాను. ఎవరి ఊరి కథ చెబుతున్నానని ఎవరూ అడగలేదు. శ్రద్ధగా విన్నారు.

శుక్రవారం రాత్రే గుడారాలు వేశారు. వాన కురిసింది. పొద్దున నేను వెళ్ళేసరికి చొక్కాల గుట్టతోపాటు బురదైన కంబళి కూడా నా కోసం ఎదురుచూస్తోంది. నీలం కోట్లు మాత్రం ఇవ్వలేదు. ఉన్ని కోటును ఉతకరు, ఆరబెట్టి బురుసుతో దులుపుతారు. తరచూ ఉతికేది చొక్కానే. ఒంటికి ఆనుకుని చెమట పీల్చేది అదే కాబట్టి. కంబళిని వేడినీళ్ళలో వేయకూడదు. వేస్తే ఉన్ని ముడుచుకుపోయి చాపలా గట్టిపడుతుంది. చల్లటి నీళ్ళలోనే తొక్కాలి.

చొక్కాలు ఆరవేసే దగ్గర నేను తప్పు చేశాను. ఇంటి నుంచి కొయ్య క్లిప్పులు తెచ్చాను. కొయ్యవే కదా అనుకున్నాను. శిబిరం చూసుకునే ఆమె వచ్చి ఒకటి చేతిలోకి తీసుకుని, అందులోని ఇనుప స్ప్రింగు చూపించింది. ఆ రకం క్లిప్పు 1853 దాకా లేదట. నేను తీసేశాను. మరి గాలికి ఎగిరిపోతే? తాడును రెండు పేటలుగా పురిపెట్టి, పురుల మధ్య చొక్కా అంచు దోపడం ఆమె నేర్పింది. కంబళిని, పెద్ద బట్టలను కొయ్య కంచె మీద పరిచాం. మా పల్లెలోనూ అంతే, కంచె మీదా తుప్పల మీదా ఆరేవి.

మధ్యాహ్నం తుపాకుల కవాతు జరిగింది. నేను తొట్టి దగ్గరి నుంచే చూశాను. కాగితంలో చుట్టిన మందు పొట్లాన్ని పళ్ళతో చించి, కొంచెం తుపాకి పక్కనున్న చిన్న పళ్ళెంలో పోసి మూత వేసి, మిగతాది గొట్టంలో పోస్తారు. గుండు ఉండదు. ఒక కుర్రవాడి తుపాకి చెకుముకి రాయి కొట్టుకుంది గానీ పేలలేదు. ఎవరూ కంగారు పడలేదు. గొట్టం ఆకాశం వైపే ఉంచి, నాయకుడు చెప్పేదాకా అలాగే నిలబడ్డాడు. ఆలస్యంగా పేలే ప్రమాదం ఉంటుంది కాబట్టి ఆ ఆగడం కూడా శిక్షణలో భాగమే. ఫిరంగి పేలినప్పుడు మాత్రం తొట్టిలో నీళ్ళు వణికాయి.

అప్పుడే మా ఆయన అమ్మను తీసుకుని వచ్చారు. అమ్మ వేసవిలో ఇండియా నుంచి వచ్చింది. నేను చేసేది చరిత్ర కార్యక్రమం అని చెప్పాను గానీ, బట్టలు ఉతుకుతానని చెప్పలేదు. చేతులు మోచేతుల దాకా ఎర్రబడి, టోపీ పెట్టుకుని తొట్టి ముందు మోకాళ్ళ మీద ఉన్న నన్ను చూసి ఆమె ముఖం చిన్నబోయింది.

"ఇంత చదువు చదివి ఊరందరి ముందు ఈ పనేమిటమ్మా?" అంది నెమ్మదిగా.

నేను జవాబు చెప్పలేదు. నిజానికి ఆ ప్రశ్నకు తప్పు పట్టవలసింది మా అమ్మ ఒక్కతెనే కాదు. ఆ పని చేసిన మనుషులను ఎలా చూశామో ఆ మాటలో ఉంది. నేనూ అలాగే పెరిగాను. అమ్మ కొంచెంసేపు మడత కుర్చీలో కూర్చుంది. పీపాలోంచి దిగుతున్న తేట వైపు చూసింది. లేచి వచ్చి చూపుడు వేలు ముంచి, బొటనవేలితో రుద్ది చూసింది. "పలచగా ఉంది. జారుడు లేదు. బూడిద మార్చండి" అంది. పొయ్యిలో ఏ కట్టె వాడారో అడగమంది. ఓక్ అని చెప్పారు. గట్టి కర్ర మంచిదే, కానీ బూడిద జల్లించలేదని తేల్చింది. మా రేవు పెద్దావిడ ఎన్నిసార్లు జల్లించేదో, చౌడు ఎక్కడి నుంచి గాడిద మీద తెచ్చేదో, పండగ ముందు రోజు ఎన్ని మూటలు వచ్చేవో ఆ మధ్యాహ్నం మొదటిసారి నాతో చెప్పింది. ఇన్నేళ్ళలో ఆమె గురించి అమ్మ ఒక్కసారైనా అంతసేపు మాట్లాడలేదు. నేను ఇంగ్లీషులో చెబుతూ పోయాను. చుట్టూ పదిమంది చేరారు.

ఆ గుంపులోంచే ఒకావిడ, "మీరు తెలుగువారా అండీ?" అని అడిగారు. వర్జీనియా నుంచి వచ్చారట, పదేళ్ళ బాబుతో. ఆ బాబు అప్పటికే కోట లోపల బోర్డులన్నీ చదివి వచ్చాడు. "ఆంటీ, ఈ యుద్ధంలో మనవాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు.

మనుషులున్నారని చెప్పలేను. కానీ మన ఆయుధం ఉంది. ఇది చెప్పాలని నేను ఎన్నాళ్ళుగానో ఆశపడుతున్నాను. కోట మీదికి ఎరెబస్ అనే నౌక నుంచి బ్రిటిష్‌వాళ్ళు రాకెట్లు వదిలారు. అమెరికా జాతీయ గీతంలో వచ్చే రాకెట్ల ఎర్రటి వెలుగు వాటిదే. ఆ రాకెట్లు తయారుచేయించిన ఆయన పేరు విలియం కాన్‌గ్రీవ్. ఆయన వాటి మీద పని మొదలుపెట్టింది మైసూరు రాకెట్లను చూశాకే. హైదర్ అలీ, టిపూ సుల్తానుల సైన్యంలో ప్రత్యేకంగా రాకెట్ దళాలు ఉండేవి. మన దీపావళి జువ్వకు కాగితపు గొట్టం. వాళ్ళది ఇనుప గొట్టం. ఇనుము కాబట్టి మందు గట్టిగా దట్టించవచ్చు, అది ఎక్కువ దూరం పోతుంది. తోకగా పొడుగాటి వెదురు కర్ర. 1799 మే 4న శ్రీరంగపట్నం పడిపోయాక అక్కడ దొరికిన రాకెట్లు ఇంగ్లండు చేరాయి. కాన్‌గ్రీవ్ ప్రయోగాలు చేసి నౌకాదళానికి ఇచ్చాడు. పదిహేనేళ్ళలో అవి బాల్టిమోర్ ఆకాశంలో కనిపించాయి.

"మరి బ్రిటిష్‌వాళ్ళకు ఆ మైసూరు రాకెట్ల దెబ్బ ఎక్కడ తగిలింది?" అని అడిగాడు బాబు.

అందులో మా జిల్లా పేరు ఉంది. 1780లో కర్నల్ బెయిలీ అనే బ్రిటిష్ అధికారి ఒక దళాన్ని గుంటూరు నుంచి నడిపించుకుంటూ దక్షిణానికి వెళ్ళాడు. కంచి దగ్గర ఉన్న పెద్ద సైన్యంతో కలవాలి. దారిలో ఏరు పొంగి రోజుల తరబడి ఆగవలసి వచ్చింది. కంచి ఇంకా కొద్ది దూరం ఉందనగా పొల్లిలూరు దగ్గర హైదర్, టిపూల సైన్యం చుట్టుముట్టింది. సెప్టెంబరు 10న మందుగుండు బండ్లు, రాకెట్ల వల్లేనంటారు, పేలిపోయి దళమంతా చితికిపోయింది. ఆ దళంలో తెల్లవారికన్నా మన సిపాయిలే చాలా ఎక్కువ. వాళ్ళ పేర్లు ఎక్కడా బోర్డుల మీద లేవు. బెయిలీ శ్రీరంగపట్నం చెరలోనే చనిపోయాడు.

బాబు వేళ్ళ మీద లెక్కపెట్టాడు. "1780 సెప్టెంబరు 10. 1814 సెప్టెంబరు 13. రెండూ ఒకే వారంలో." నేను ఎన్నడూ గమనించలేదు.

సాయంత్రం సందర్శకులు వెళ్ళిపోయాక మాలో కొందరం లాంతర్లతో కోటలో నడిచాం. ఇరుకైన కమాను కింద నుంచి లోపలికి వెళితే, గోడలు అనుకున్నంత ఎత్తు లేవు. ఇక్కడ దాదాపు 1,000 మంది 25 గంటలు గడిపారు. బ్రిటిష్ నౌకలు సుమారు మూడు కిలోమీటర్ల దూరంలో, కోట ఫిరంగులకు అందకుండా నిలబడ్డాయి. వాళ్ళ బాంబులు మాత్రం వచ్చి పడుతున్నాయి. వాటిలో పెద్దవి ఒక్కొక్కటి 85 కిలోలకు పైనే. తిరిగి కొట్టే వీలు లేదు, పారిపోయే వీలు లేదు. కోట అధిపతి మేజర్ ఆర్మిస్టెడ్ నివేదిక ప్రకారం ప్రయోగించిన బాంబులు 1,500కు పైనే. మందుగుండు గది మీదే ఒకటి పడింది. అది పేలలేదు. పేలి ఉంటే కోటే మిగిలేది కాదు. చనిపోయినవారు నలుగురు, గాయపడినవారు 24 మంది.

గోడ మీంచి నది దిగువకు చూశాం. ఆ యుద్ధనౌకలు లంగరు వేసిన దిక్కున, గీతం రాసిన ఫ్రాన్సిస్ స్కాట్ కీ పేరుతో ఒక పెద్ద వంతెన ఉండేది. 2024 మార్చి 26న ఓడ ఢీకొని కూలిపోయింది. చీకట్లో అక్కడ ఖాళీ ఉంది. కీ ఆ రాత్రి అటువైపే ఒక ఓడ మీద ఉండి, తెల్లవారాక కోట మీద ఏ జెండా ఉందోనని చూశాడు.

ఆ నడకలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా గుర్తుండిపోయినది విలియం విలియమ్స్ పేరు. మేరీలాండ్‌లోనే బానిసగా ఉండి, 1814 వసంతంలో తప్పించుకుని, పేరు మార్చుకుని అమెరికా సైన్యం 38వ పదాతిదళంలో చేరాడు. ఈ కోటలో గుండు తగిలి కాలు పోయింది. రెండు నెలలకు ఆసుపత్రిలో మరణించాడు. అదే సమయంలో బానిసత్వం నుంచి పారిపోయిన మరికొందరు బ్రిటిష్ వైపు చేరి, నార్త్ పాయింట్ దగ్గర ఎర్ర కోట్లతో యుద్ధం చేశారు. స్వేచ్ఛ ఇస్తామన్నది బ్రిటిష్‌వాళ్ళు కాబట్టి. ఈ రెండు కథలూ కలిపి చెప్పకపోతే ఈ కోట కథ సగమే. మాకు దారి చూపించిన రేంజర్, అంటే కోటను చూసుకునే పార్కు ఉద్యోగిని, రెండూ చెప్పింది.

ఆదివారం పొద్దున ఆకాశం తేటపడింది. గాలి మెల్లగా ఉంది. పెద్ద జెండా ఎగరేస్తున్నామని రేంజర్ కేకేసి, సందర్శకులందరినీ రెండు వరసల్లో ఎదురెదురుగా నిలబెట్టింది. అమ్మ నా పక్కనే నిలబడింది. జెండా మూటలాగా వచ్చింది. ఒక చివర నుంచి చేతుల మీదుగా విప్పుతూ పోయారు. ఎరుపు, తెలుపు చారలు, ఒక్కోటి రెండడుగుల వెడల్పు. తర్వాత నీలం మీద నక్షత్రాలు, ఒక్కో నక్షత్రం నా చాచిన చెయ్యంత. పదిహేను నక్షత్రాలు, పదిహేను చారలు. ఇది నకలు. అసలుది వాషింగ్టన్‌లో మ్యూజియంలో ఉంది. దాన్ని 1813 వేసవిలో మేరీ పికర్స్‌గిల్ అనే బాల్టిమోర్ స్త్రీ కుట్టింది. ఆమెతోపాటు కూతురు, మేనకోడళ్ళు, ఒప్పందం మీద పనికి కుదిరిన గ్రేస్ విషర్ అనే నల్లజాతి బాలిక కుట్టారు. ఇంట్లో పరచడానికి చోటు చాలక పక్కనున్న బీరు బట్టీ గచ్చు మీద పరిచి కుట్టారు. ఆ జెండాకు ఇచ్చింది 405 డాలర్ల 90 సెంట్లు. ఆ లెక్కలో గ్రేస్ వాటా ఎంతో ఎక్కడా రాయలేదు.

"కింద తగలనివ్వకండి" అని రేంజర్ అంటోంది. నేను తెలుగులో చెప్పేలోగా అమ్మ తన దగ్గర వేలాడుతున్న అంచును రెండు చేతులతో కుచ్చిళ్ళు పట్టినట్టు పట్టేసింది. ఇద్దరు కలిసి చీర మడత పెట్టేటప్పుడు ఎదుటి మనిషి లాగిన కొద్దీ వదులుతామే, అలా జెండా కొయ్య వైపు సాగుతున్న కొద్దీ వదులుతూ వచ్చింది. చివరి అంచు ఆమె వేళ్ళలోంచి జారి పైకి లేచింది. పొడిగా ఉన్న గుడ్డ, గాలి తగలగానే తేలింది. డప్పులు మొదలయ్యాయి. అమ్మ తల పైకెత్తి, చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

తర్వాత ఇద్దరం కంచె దగ్గరికి వచ్చాం. నిన్నటి కంబళి అక్కడే ఉంది. అమ్మ కింది అంచును పిడికిట్లో నొక్కి చూసింది.

"పైన ఆరింది, కింద ఇంకా తడే. ఆ కొస పట్టుకో, తిరగేద్దాం" అంది.